ఉగాది రెండో దినం భోజనాలు ఈ తూరి ఆపుదామనుకున్నా (నా అనుభవం)

ఇది మొన్న ఉగాదికి జరిగింది, 2025 మార్చి 30, 31. ఇన్ని దినాలు ఎందుకు రాయలేదంటే మే నెలలో పెద్ద వంట డేక్సాలు అమ్మేదాకా ఇది అయిపోయినట్టు నాకే అనిపించలేదు. మీ ఇంట్లో కూడా ఏటేటా తప్పకుండా చేయాల్సిన భోజనాలు ఏమన్నా ఉండి, ఆపుదామా అని మనసులో అనుకుంటా ఉంటే, ఆపబోతే ఏమేం జరుగుతాయో కొంచెం తెలుస్తుందని రాస్తున్నా.

మాది అనంతపురం. నేను పుట్టింది నంద్యాల. మా పుట్టింట్లో ఉగాది అంటే పచ్చడి, భక్ష్యాలు, గుడికి పోయి రావడం, సాయంత్రం పంచాంగం వినడం, అంతే, ఒక్క దినం పండగ. ఇక్కడికి వచ్చినాక తెలిసింది అసలు పండగ రెండో దినం అని. మొదటి దినం ఓళిగలు, రెండో దినం నీసు. ఊర్లలో అయితే పదిమంది కలిసి పొట్టేలు కొని పాళ్ళు వేసుకుంటారు. మా మామ పాళ్ళు కాదు, ఏకంగా పొట్టేలే కోయించి అందర్నీ ఇంటికి పిలిచేవాడు. దానికీ ఒక కారణం ఉంది. ఆయన, వాళ్ళన్న, తమ్ముడు ముగ్గురూ కూడేరు దగ్గర ఊర్లో భూమి పంచుకునేటప్పుడు గొడవపడి రెండేళ్ళు మాటల్లేవంట. ఎవరో పెద్దమనుషులు కూర్చోబెట్టి సర్దినాక వచ్చిన మొదటి ఉగాదికి, అది 1999, మా మామ అన్నదమ్ములిద్దర్నీ పిల్లాజెల్లాతో సహా పిలిచినాడు. ముగ్గురూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారని మా అత్త ఇప్పటికీ చెప్తుంది, చెప్పేటప్పుడు చాప కూడా చూపిస్తుంది, దాన్ని ఇంకా పారేయలేదు.

నేను 2007లో కోడలుగా వచ్చేసరికి 30 మంది. 2024కి 60 దాటింది. పిల్లలు పెద్దయినారు, వాళ్ళకి పెళ్ళిళ్ళయినాయి, అల్లుళ్ళు వచ్చినారు, అల్లుళ్ళ తమ్ముళ్ళు కూడా వచ్చినారు.

మామ 2019 ఆగస్టులో పోయినాడు. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది, సరిగ్గా లాక్‌డౌన్ మొదలైన దినం. అప్పటికి సంవత్సరీకం కూడా కాలేదు కాబట్టి మాకు ఎట్లాగూ పండగ లేదు. రెండో దినం ఇంట్లో మేం నలుగురమే, పప్పూ అన్నం తిని మధ్యాహ్నం పడుకున్నా. ఆ దినం ఎంత హాయిగా నిద్రపోయినానో చెప్తే పాపం తగులుతుంది కానీ నిజం. పెళ్ళయినాక ఉగాది మరుసటి దినం నేను మధ్యాహ్నం పడుకున్నది అదొక్కసారే. కరోనా తగ్గినాక మా ఆయన మళ్ళీ మొదలుపెట్టినాడు, "నాయన పోతానే ఆపేసినారు అంటారు" అని. ఎవరు అంటారు అంటే చెప్పడు.

నాకు మా చుట్టాల మీద కోపం లేదు, ఈ మాట ముందే చెప్తున్నా. మంచోళ్ళే. కానీ నేను ఒక ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, నెలకి 18 వేలు జీతం, మార్చి అంటే మాకు పరీక్షలు, పేపర్లు దిద్దడం, కొత్త అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగడం. ఆ నెలలోనే నాలుగు దినాల ముందు నుంచి మసాలాలు వేయించడం, కొబ్బరి తురమడం, ఇల్లు కడగడం, పరుపులు ఎండేయడం, ఎవరు యాడ పడుకోవాల అని చూడడం. మా అత్తకి మోకాళ్ళు పనిచేయవు, కుర్చీలో కూర్చుని చెప్తుంది. మా ఆయన "ఒక్క దినమే కదా" అంటాడు. ఆయనకి ఒక్క దినమే, అది కూడా నిజమే.

ఆపాలని మూడేళ్ళుగా అనుకుంటున్నా. ఎట్ల చెప్పాల్నో తెలియలేదు. నాకు అర్థమైంది ఏందంటే, ఇట్లాంటివి ఆపడానికి జనం ఒప్పుకునే కారణాలు నాలుగే ఉన్నాయి. సూతకం, ఆసుపత్రి, పరీక్ష, ఇల్లు మారడం. డబ్బు లేదంటే నమ్మరు, నమ్మినా "మేం తలా ఇంత వేసుకుంటాం" అని మన పరువు తీస్తారు. అలిసిపోయినా అంటే అది కారణమే కాదు. అన్నిటికంటే పెద్ద భయం, ఏ కారణం చెప్పినా చివరికి "కోడలు ఆపించింది" అనే తేలుతుంది. పదిహేడేళ్ళు వండినా, ఆపిన ఆ ఒక్క ఏడాదే గుర్తుంటుంది.

2024 డిసెంబర్‌లో పదో తరగతి టైంటేబుల్ వచ్చింది. మా పాప టెన్త్. మార్చి 17న మొదలై 31న సోషల్‌తో ఆఖరు. ఉగాది 30, రెండో దినం 31. టైంటేబుల్ చూసి దేవుడే పంపించినాడు అనుకున్నా, నిజంగా స్టాఫ్ రూంలో కళ్ళకద్దుకున్నా. పక్కనున్న మేడం పాప పరీక్షల గురించి దండం పెట్టుకుంటున్నా అనుకుంది.

సంక్రాంతికి చుట్టాలు కొందరు వచ్చినప్పుడు చెప్పినా, ఈ తూరి పాపకి ఆ దినమే పరీక్ష, రెండో దినం పెట్టుకోలేం అని. అందరూ వెంటనే ఒప్పుకున్నారు. "చదువు ముఖ్యం", "పండగ యాడికి పోతాది". పెద్దమామ, అంటే మా మామ వాళ్ళన్న, ఆయన కూడా తలూపినాడు. ఇంత సులభమా, మూడేళ్ళు ఊరికే నలిగిపోయినానే అనుకున్నా. జనవరి, ఫిబ్రవరి రెండు నెలలు ఆ బరువు లేకుండా గడిచినాయి.

మార్చి 2, ఆదివారం, నంద్యాల నుంచి మా అమ్మ ఫోన్. "ఏమ్మా, మీ వాళ్ళతో ఏమన్నా మాటా మాటా అనుకున్నారా?" అని. ఏం జరిగిందంటే, మా చిన్నత్త నాకు ఫోన్ చేయలేదు, మా ఆయనకి చేయలేదు, నేరుగా మా పుట్టింటికి చేసి "మీ కూతురికి మా మీద ఏమన్నా కోపముందా, ఈ సంవత్సరం పిలవడం లేదు" అని అడిగింది. ఇది నేను అస్సలు ఊహించలేదు. మనం పని తగ్గించుకుంటున్నాం అనుకుంటాం, అవతల వాళ్ళకి అది అలక లాగా కనపడుతుంది. పైగా ఈ భోజనాలు పుట్టిందే మాటలు లేని అన్నదమ్ముల్ని కలపడానికి కదా, కాబట్టి ఆపితే మళ్ళీ ఏదో గొడవ మొదలైందనే లెక్క.

ఆ తర్వాత వారంలో పెద్దమామ ఫోన్ చేసినాడు. ఆయనకి 78. "పాప పరీక్ష మధ్యాహ్నం పన్నెండుముక్కాలుకి అయిపోతాదంట కదమ్మా, మేం సాయంత్రం వస్తాంలే. నాకు రెండు తునకలు, ఒక ముద్ద చాలు. వచ్చే ఉగాదికి ఉంటానో లేదో." ఈ ఆఖరి మాటకి జవాబు ఎవరి దగ్గర ఉంటుంది చెప్పండి. మా ఆయన ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండా "మన వాళ్ళ వరకే చేద్దాం, పాతికమంది" అన్నాడు. నేను సరే అన్నా. అక్కడే ఓడిపోయినా.

పాప ఇంకోలా బాధపడింది, అది నేను తర్వాత చూసుకున్నా. కజిన్స్ అందరూ ఫోన్లో "నీ వల్లే ఈసారి బిర్యానీ లేదంట" అని ఏడిపించినారంట. ఒక రాత్రి లెక్కలు చేస్తా చేస్తా ఉన్నట్టుండి "నీకు చేయాలని లేకపోతే నీ పేరు చెప్పుకో మా, నా పేరు ఎందుకు చెప్పినావు" అనింది. గమ్మునుండిపోయినా. ఏం చెప్తాం.

ఈ పాతికమంది లెక్క ఎట్ల పెరిగిందో చెప్తే నవ్వుతారు. ఆదివారం ఉగాది, సోమవారం రంజాన్ కూడా పడేట్టుంది, బెంగళూరులో ఉండే మా మరుదులకి రెండు దినాలు వరసగా సెలవు. మామూలుగా రెండో దినం వారం మధ్యలో పడితే వాళ్ళు రారు, ఈ తూరి రెండు కార్లు వస్తాయని 22న ఫోన్. పాపకి పరీక్ష అని చెప్తే "మేం పైన మేడ మీద ఉంటాం వదినా, కింద శబ్దం కూడా రాదు" అని. పైన మేడ మీద వీళ్ళు ఏం చేస్తారో అందరికీ తెలుసు, ఆ లెక్క మా ఆయన నాకు ఎప్పుడూ చెప్పడు, నేనూ అడగను. 26 నాటికి నా నోట్‌బుక్‌లో 48 మంది.

ఇక మాస్టర్ భాయ్. పదేళ్ళుగా మా బిర్యానీ ఆయనే. 26న అడ్వాన్స్ ఇవ్వబోతే తీసుకోలేదు. "అమ్మా, ఆదివారం సాయంత్రం చాంద్ కనపడితే సోమవారం మాకు పండగ, నేను రాను. కనపడకపోతే మంగళవారం పండగ, సోమవారం వస్తా. డబ్బులు ఇప్పుడొద్దు" అన్నాడు. ఇంకో మాస్టర్ని చూద్దామంటే ఇద్దరు ఇదే చెప్పినారు, మూడో ఆయనకి ఆ దినం ఇంకోచోట పెళ్ళి. దీనికి తోడు రంజాన్ సెలవని సోషల్ పరీక్ష ఏప్రిల్ 1కి పోయింది. అంటే రెండో దినం పరీక్ష లేదు, మరుసటి దినం పొద్దున ఉంది. చుట్టాలందరికీ ఇది మంచి వార్త. "అయితే మధ్యాహ్నమే వస్తాం" అన్నారు. నేను దాచుకున్న ఒక్క కారణం కూడా అట్ల పోయింది, ఇంకా అధ్వాన్నం ఏందంటే పరీక్ష ముందు దినం ఇంటి నిండా జనం.

29 శనివారం, కూడేరు దగ్గర తెలిసినాయన దగ్గర రెండు పొట్టేళ్ళు, రెండూ కలిపి 25 వేలు. బేరం చేయడానికి లేదు, రంజాన్ ఉగాది రెండూ ఒకేసారి, "మీరు వద్దంటే సాయంత్రానికి ఇంకొకరు తీసుకుపోతారు" అన్నాడు. ఊర్లో అంగడి దగ్గర ముందు వారం కిలో 750 ఉన్నది 800 అయింది. రెండింటినీ పెరట్లో కట్టేసినాం. రాత్రంతా అరుస్తా ఉన్నాయి, పాప మ్యాపులు గుర్తుపెట్టుకుంటా చెవుల్లో దూది పెట్టుకుంది. పొద్దున్నే లేచి వాటికి ఆకు వేసింది కూడా అదే. వాటిని కోసేటప్పుడు మాత్రం ఇంట్లో ఉండనని ముందే చెప్పింది.

అదే సాయంత్రం భాయ్ ఇంటికి వచ్చి ఒక కవర్ ఇచ్చినాడు. లోపల చిన్న చిన్న పొట్లాలు, ఒక్కోదాని మీద పెన్నుతో రాసి ఉంది, ఇది మాంసానికి, ఇది ఎసట్లోకి, ఇది దమ్‌కి ముందు పైన. "ఒకవేళ నేను రాకపోతే" అని. ఉపవాసంలో ఉన్నాడు, నీళ్ళు కూడా ఇవ్వలేకపోయినాం.

30న ఉగాది. పొద్దున పచ్చడి, దేవుడు, మధ్యాహ్నం దాకా ఓళిగలు, 120 చేసినాం. ఓళిగల పెనం ముందు ఐదు గంటలు నిలబడితే ఈ ఎండల్లో మనిషి ఏమైతాదో అనంతపురం వాళ్ళకి చెప్పక్కర్లేదు. సాయంత్రం మా అత్త వాళ్ళింటి అలవాటు ఒకటుంది, ఉగాదికి నెలవంకని చూసి మొక్కుకుంటారు. ఆమె మోకాళ్ళతో మేడ ఎక్కలేదు, అయినా ఏడాదికి ఈ ఒక్కసారి ఎక్కుతుంది, ఒక చేయి నా భుజం మీద, ఒక చేయి గోడ మీద. ఆరుంపావుకి మొదలుపెడితే పైకి పోయేసరికి పొద్దు గుంకతా ఉంది.

మా మేడ మీద మేం, అవతల రెండిళ్ళ తర్వాత మేడ మీద ముస్లింల పిల్లలు, ఆడోళ్ళు, అందరం ఒకే దిక్కు చూస్తున్నాం. మా అత్త దండం పెట్టుకోవడానికి చూస్తుంది. వాళ్ళు పండగ కోసం చూస్తున్నారు. నేను ఎందుకు చూస్తున్నానో నాకే సిగ్గేసింది. చంద్రుడు కనపడితే భాయ్ రాడు, భాయ్ రాకపోతే 48 మందికి వండే దిక్కు లేదు, అప్పుడన్నా "ఈ తూరికి వద్దులే" అంటారేమో అని. కనపడు తండ్రీ, కనపడు అనుకుంటున్నా. పడమర దిక్కున దుమ్ము దుమ్ముగా ఉంది, ఏమీ కనపడలేదు చాలాసేపు. ఏడు కావస్తుండగా అవతల మేడ మీద పిల్లోడు ఒకడు కేక పెట్టినాడు. వాడు చేయి చూపించిన వైపు చూస్తే గోరంత, అది కూడా ఒకసారి ఉందనిపిస్తుంది ఒకసారి లేదనిపిస్తుంది. మా అత్త రెండు చేతులూ ఎత్తి మొక్కింది. మసీదు మైకులో చెప్పినారు. ఐదు నిమిషాల్లో భాయ్ ఫోన్, "అమ్మా, మాఫ్ చేయండి, రేపు పండగ." పండగ శుభాకాంక్షలు చెప్పి పెట్టేసినా.

కిందికి దిగి మా ఆయనకి చెప్పినా, మాస్టర్ లేడు అని. గొంతులో సంతోషం కనపడకుండా జాగ్రత్తపడినా. అప్పటికే బెంగళూరు కార్లు వచ్చేసినాయి. మా పెద్ద మరిది లుంగీ ఎగ్గట్టి, "అంతేనా వదినా, మేం వండుతాం, యూట్యూబ్ ఉంది" అన్నాడు. మిగతా వాళ్ళు చప్పట్లు.

సోమవారం తెల్లారి ఐదుకి కోసే ఆయన వచ్చినాడు, రెండింటికీ 1,600. పాపని ఆరున్నరకే పుస్తకాలతో సాయినగర్‌లో నా కొలీగ్ ఇంటికి పంపించేసినా. ముద్ద, పులుసు, తలకాయ, బోటి మేం ఆడోళ్ళం. బిర్యానీ మగోళ్ళు. ఇంకో చిన్న విషయం ఎవరూ ముందు చెప్పలేదు, సోమవారం కాబట్టి పెద్దత్తతో కలిపి ఎనిమిదిమంది నీసు ముట్టరు. పొద్దున తొమ్మిదింటికి ఈ సంగతి తెలిసి వాళ్ళకి వేరే పొయ్యి మీద గుత్తొంకాయ, పప్పు. ఆ వంకాయల కోసం మా ఆయన మార్కెట్‌కి పోయి గంటన్నరకి వచ్చినాడు.

మగోళ్ళ వంట గురించి ఒక్క మాట. ముగ్గురు గరిటె పట్టుకున్నారు, ఐదుగురు సలహా చెప్పినారు, ఉల్లిపాయలు మాత్రం మేమే తరిగినాం. పదకొండున్నరకి గేటు దగ్గర బండి ఆగింది, చూస్తే భాయ్. నమాజ్ అయిపోయి తెల్ల బట్టల్లో, అత్తరు వాసనతో, ఒక చేతిలో షీర్ ఖుర్మా డబ్బా. డేక్సా దగ్గరికి వచ్చినాడు, బట్టలకి మసి అంటకుండా రెండడుగులు దూరంగా నిలబడి మూత తీయమన్నాడు, ఆవిరి చూసినాడు, "అయ్యో, నిప్పు చానా ఎక్కువైంది, కిందవి సగం తీసేయండి, పైన వేయండి" అన్నాడు. పది నిమిషాలు ఉండి పోయినాడు. ఆయన రాకపోయి ఉంటే మొత్తం మాడేదే. అయినా అడుగు అంటింది, పైన అన్నం మెత్తగయింది. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమామ రెండు తునకలు అన్నాయన మూడుసార్లు పెట్టించుకున్నాడు, నాకు కోపం రాలేదు, నిజంగా చూడ్డానికి బాగుండింది. 48 అనుకున్నది 57 మంది తిన్నారు. పాప కూడా రెండింటికి వచ్చేసింది, కజిన్స్ ఫోన్ చేసినారంట. "ఒక్క గంటే మా" అని ఐదు దాకా ఉంది.

ఖర్చు రాసుకున్నది చెప్తా. పొట్టేళ్ళు, కోత 26,600. బియ్యం, రాగిపిండి, నూనె, నెయ్యి, మసాలాలు, పెరుగు అన్నీ 8,900. షామియానా, కుర్చీలు, టేబుళ్ళు 2,800. నీళ్ళ ట్యాంకర్, క్యాన్లు 900. బోకులు తోమడానికి 1,600. ఓళిగల సామాన్లు, ఐస్‌క్రీం 2,800. మొత్తం 43,600. మేడ మీద లెక్క వేరే. నా జీతంతో చూస్తే దాదాపు రెండున్నర నెలలు. వచ్చినోళ్ళు తెచ్చినవి మైసూర్‌పాక్ డబ్బాలు ఆరు, అరటిపండ్లు, పెద్దమామ పాప చేతిలో పెట్టిన 500.

తోమడానికి రావాల్సిన ఇద్దరిలో ఒకామె రాలేదు. రాత్రి పదకొండు, పెరట్లో లైటు కింద నేను, ఇద్దరు తోడికోడళ్ళు, వచ్చిన ఆమె, నలుగురం తోముతున్నాం. లోపల పాప సోషల్ పుస్తకం పట్టుకుని నిద్ర ఆపుకుంటుంది. పెద్దత్త మెట్టు మీద కూర్చుని, మంచి మనసుతోనే, "పాప పరీక్ష అని ఊరికే భయపడినావు, చూడు ఎంత బాగా అయిపోయిందో" అనింది.

నేను అనాలనుకుని అనలేదు. మాట వచ్చేసింది. "పరీక్ష కాదు పెద్దత్తా. నాకు చేతకావడం లేదు. రెండు మూడేళ్ళ నుంచి నాకు చేయాలని లేదు."

కొళాయి కట్టేసినట్టు అందరూ ఆగిపోయినారు. తల ఎత్తి చూస్తే వాకిలి దగ్గర మా అత్త నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలియదు. ఏం మాట్లాడకుండా లోపలికి పోయింది. పెద్దత్త ఒక గిన్నె తీసుకుని తుడవడం మొదలుపెట్టింది, చేయాల్సిన పని కాదు ఆమెకి.

ఏప్రిల్ 1న పాప పరీక్ష రాసి వచ్చింది, ఈజీగానే ఉందనింది. చుట్టాలు పోయినారు. మా అత్త మూడు దినాలు నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. మందులేసుకున్నావా అంటే ఊ. అన్నం పెట్టనా అంటే ఊ. కోపమయితే తిట్టొచ్చు కదా, తిడితే నాకు తేలికయ్యేది. ఆ మూడు దినాలు ఇంతకీ నేనేం తప్పన్నా అని ఒక గంట, అనకుండా ఉండాల్సింది అని ఒక గంట.

నాలుగో తేదీ పొద్దున కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని "ఆ పెద్ద డేక్సాలు రెండూ మళ్ళీ అటక మీద పెట్టొద్దు" అనింది. ఎందుకత్తా అన్నా. "అమ్మేయండి. ఇంట్లో ఉంటే మళ్ళీ ఎవరికో ఒకరికి నింపాలనిపిస్తాది."

కోపంతో అనిందో, నా మీద జాలితో అనిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆయనకి చెప్తే ముఖం మాడ్చుకున్నాడు. వాటి మీద మా మామ పేరు, 2003 అని చుక్కలతో కొట్టించి ఉంది. నెల దాటినా అవి మేడ మీదే బోర్లించి ఉన్నాయి, ఆయన రేపు రేపు అంటాడు. ఈ మధ్యలో ఏప్రిల్ 23న పాప రిజల్ట్స్ వచ్చినాయి, బాగానే వచ్చినాయి, సోషల్ 88, అన్నిటికన్నా తక్కువ అదే. ఎవరూ ఏం అనలేదు. నేనూ అనలేదు. మా ఆయన మార్కుల కాగితం రెండుసార్లు చూసినాడు, ఆ వారంలోనే డేక్సాలు ఆటోలో వేయించినాడు అనుకుంటారేమో, లేదు, మే మూడో వారం దాకా పట్టింది.

పాతవూర్లో పాత్రల అంగడి. రెండూ కలిపి 19 కిలోలు, పాత అల్యూమినియం కిలో 140, మొత్తం 2,660. కొత్తవి కొనాలంటే ఎంతో అడిగితే మా ఆయన నా చేయి గిల్లినాడు. డబ్బులు తెచ్చి మా అత్త చేతిలో పెడితే లెక్కపెట్టి కొంగున కట్టుకుంది. మూడోది ఒకటుంది, చిన్నది, పాతికమందికి వస్తుంది. దాన్ని అమ్మమని ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. అటక మీద ఉంది.

మొన్న ఆదివారం పెద్దమామ ఫోన్. మనవడు ఫోన్లో చూసి చెప్పినాడంట, వచ్చే ఉగాది 2026 మార్చి 19, గురువారం. "రెండో దినం శుక్రవారం పడింది. మీ పెద్దత్త శుక్రవారం కూడా ముట్టదు, ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ఆదివారానికి పెట్టుకుందామా?" మా ఆయన స్పీకర్లో పెట్టి నా ముఖం చూసినాడు. మా అత్త టీవీ సౌండ్ తగ్గించింది.

"పెద్దమామా, ఇంట్లో ఇప్పుడు చిన్న డేక్సా ఒక్కటే ఉంది" అన్నా.

అవతల కాసేపు ఏం వినపడలేదు. తర్వాత, "మా ఇంట్లో పెద్దవి రెండు ఉన్నాయిలేమ్మా" అన్నాడు.

వాటిని ఇక్కడికి పంపిస్తాడో, భోజనాలు వాళ్ళింట్లోనే పెడతాడో అడగలేకపోయినా. మా ఆయన కూడా అడగలేదు.